పలకా బలపం పట్టించే ముందు: అక్షరాభ్యాసంపై పాఠకుల ప్రశ్నలు

అక్షరాభ్యాసం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒకే విషయం అడిగినవాటిని కలిపి, ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఊరి పేరు మాత్రమే వేశాం.

మా పాపకు వచ్చే నెల మూడేళ్లు నిండుతాయి. మూడో ఏట చేయించాలని మా అత్తగారు, ఐదో ఏట చేయడమే శాస్త్రమని మా నాన్నగారు. జూన్‌లో ప్లేస్కూల్లో వేస్తున్నాం. ఎవరి మాట వినాలి? (నిజామాబాద్)

మీ నాన్నగారి మాటకు గ్రంథం అండ ఉంది, అత్తగారి మాటకు వాడుక అండ ఉంది. ధర్మశాస్త్ర గ్రంథాలు ఎత్తిచూపే శ్లోకం ‘సంప్రాప్తే పంచమే వర్షే అప్రసుప్తే జనార్దనే’ అని మొదలవుతుంది. ఐదో ఏడు వచ్చాక, విష్ణుమూర్తి యోగనిద్రలో లేని కాలంలో చేయాలని దాని అర్థం. మూడో ఏడు అన్నది తర్వాత స్థిరపడిన ఆచారం. బడులు ముందుకు జరిగేకొద్దీ అదీ బలపడింది.

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. ఐదో ఏడంటే నాలుగు నిండి ఐదు నడుస్తున్న ఏడు. అదే లెక్కన మూడో ఏడు రెండో పుట్టినరోజుతో మొదలై మూడో పుట్టినరోజుతో అయిపోతుంది. ‘మూడు నిండాయి కదా’ అని చేయించేవాళ్లు నిజానికి నాలుగో ఏట, అంటే సరి సంవత్సరంలో చేయిస్తున్నారు. బేసి ఏడే కావాలని పట్టుదల ఉంటే మీకు మిగిలింది ఈ నెలరోజులే. లేదంటే నాలుగు నిండేదాకా ఆగాలి.

మమ్మల్ని అడిగితే ఆగమంటాం. మూడేళ్ల బిడ్డ బలపాన్ని గుప్పిట్లో పట్టుకుంటుంది. మూడు వేళ్లతో పట్టుకునే పొందిక చాలామందికి నాలుగు దాటాకే వస్తుంది. ప్లేస్కూలుకు, అక్షరాభ్యాసానికి ముడి పెట్టనక్కర్లేదు. అక్కడ ఆడేది ఆట. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్లు అంటోంది.

ఇంకో సంగతి. పుట్టువెంట్రుకలు తీయించారా? కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చౌలం అయ్యాకే లిపి, లెక్కలు నేర్పాలని ఉంది. మొక్కు ఉండి ఇంకా తీయించకపోతే ముందు ఆ పని చూడండి.

2026 వసంత పంచమి మౌఢ్యంలో వచ్చిందని మా పురోహితులు వద్దన్నారు. గుళ్లో మాత్రం పిల్లలకు బారులు తీర్చి చేయించారు. ఏది సరి? (కరీంనగర్)

రెండూ సరే. మౌఢ్యమంటే గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనపడకుండా పోయే కాలం, వాడుకలో మూఢం. గుడివాళ్లు తిథి బలం చూశారు, మీ పురోహితులు ముహూర్త బలం చూశారు.

మామూలు రోజున చేయాలంటే పంచాంగం అన్ని వైపులా కుదరాలి. ముహూర్త చింతామణి చెప్పేది ఇది: ఐదో ఏడు, ఉత్తరాయణం. విదియ, తదియ, పంచమి, షష్ఠి, దశమి, ఏకాదశి, ద్వాదశి తిథులు. అశ్విని, ఆర్ద్ర, పునర్వసు, పుష్యమి, హస్త, చిత్త, స్వాతి, అనూరాధ, శ్రవణం, రేవతి నక్షత్రాలు. శుభగ్రహాల వారాలు, అంటే సోమ, బుధ, గురు, శుక్ర. లగ్నం చరరాశి (మేషం, కర్కాటకం, తుల, మకరం) కాకూడదు. ముందుగా గణపతిని, విష్ణువును, సరస్వతిని, లక్ష్మిని పూజించమని కూడా ఆ శ్లోకంలోనే ఉంది. సరస్వతి ఒక్కర్తినే పూజించి లేచిపోయేవాళ్లు ఈ మాట గమనించాలి. వీటికి తోడు గురు, శుక్ర మౌఢ్యాలూ, అధిక మాసమూ వదిలేస్తారు.

మాఘ శుద్ధ పంచమి అంటే వసంత పంచమి, ఇంకా విజయదశమి ఈ లెక్కకు బయట నిలిచే రోజులు. విజయదశమినే చూడండి. దక్షిణాయనంలో వస్తుంది. ఆషాఢ శుద్ధ ఏకాదశి నుంచి కార్తిక శుద్ధ ఏకాదశి దాకా సాగే విష్ణు శయన కాలంలో వస్తుంది. పై శ్లోకం ‘జనార్దనుడు నిద్రలో లేనప్పుడు’ అని చెప్పినా, దేశమంతా ఆ రోజున పలక పట్టిస్తూనే ఉంది. తనంత తానుగా సిద్ధించిన ముహూర్తమని దానికి పేరు. 2024లో విజయదశమి అక్టోబరు 12, శనివారం వచ్చింది. శనివారమని ఎవరూ ఆగలేదు, ఆగనక్కర్లేదు కూడా.

వసంత పంచమి విషయంలో మాత్రం పండితులు రెండుగా చీలుతారు. 2026 జనవరి 23న శుక్రుడు అస్తమించి ఉన్నాడు. పండుగ తిథికి మౌఢ్య దోషం అంటదని కొందరు, సంస్కారానికి అంటుతుందని కొందరు. గుళ్లో చేయించుకున్నవాళ్లు బెంగపడక్కర్లేదు. మీరు మానుకున్నా పోయేదేమీ లేదు. కాకపోతే బడులు తెరిచే ముందు చూసుకుందామంటే, అదే ఏడాది అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా పట్టింది. అందుకే ఇలాంటి ఏడు ‘జూన్‌లో చూద్దాం’ అనుకోకుండా వైశాఖంలోనే ముహూర్తం పెట్టించుకోవాలి, లేదా దసరాకు ఆగాలి.

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇండియాలో అమ్మావాళ్లు చెప్పిన టైముకే ఇక్కడ చేయాలా?

వద్దు. తిథి లోకమంతటా ఒకే క్షణంలో మారుతుంది కానీ మీ గడియారం వేరు, మీ సూర్యోదయం వేరు. 2025 వసంత పంచమినే తీసుకోండి. భారత కాలమానంలో పంచమి ఫిబ్రవరి 2 ఉదయం 9 దాటాక మొదలై 3వ తేదీ ఉదయం 7 లోపే అయిపోయింది. ఏ రోజు పండుగ అని ఇక్కడ తర్జనభర్జన. మీకు అదే పంచమి 1వ తేదీ రాత్రి పదిన్నర దాటాక మొదలై, 2వ తేదీ రాత్రి ఎనిమిది దాటేదాకా ఉంది. అంటే ఆదివారం పగలంతా పంచమే, గొడవే లేదు. మీ ఊరికి లెక్కగట్టిన పంచాంగం చూడండి. లగ్నం, వర్జ్యం, రాహుకాలం కూడా మీ ఊరివే పనికొస్తాయి.

గుడికే వెళ్లాలా? ఇంట్లో చేసుకుంటే ఏమేం కావాలి, ఏ వరుసలో చేయాలి? (తెనాలి, ఖమ్మం, అనంతపురం)

ఇంట్లో చేసుకోవడమే పాత పద్ధతి. అప్పటి మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆదేశంపై బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన బడుల నివేదికలో ఈ తంతు ఉంది. బిడ్డకు ఐదేళ్లు రాగానే పంతులుగారిని, బడిపిల్లలను ఇంటికి పిలిచేవారు. వినాయకుడి ప్రతిమ చుట్టూ అందరూ వలయంగా కూర్చునేవారు. బిడ్డ ప్రతిమకు ఎదురుగా కూర్చుంటే, పంతులుగారు పక్కన కూర్చుని బుద్ధినిమ్మని ప్రార్థన చెప్పించి, బిడ్డ వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవారు. తల్లిదండ్రులు శక్తికొద్దీ ముట్టజెప్పేవారు. మర్నాడు పొద్దున బిడ్డ బడికి. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది కాబట్టి, అనంతపురం నుంచి రాసినవారికి ఇది సొంత ఊరి ముచ్చటే.

సరుకులు: పళ్లెంలోకి బియ్యం కిలోంబావు, అక్షతలకు విడిగా గుప్పెడు. పసుపు, కుంకుమ, గంధం. పసుపుకొమ్ములు రెండు. తమలపాకులు పదకొండు, వక్కలు ఆరు, అరటిపళ్లు ఆరు, కొబ్బరికాయలు రెండు. తెల్లపూలు, దీపానికి నూనె, వత్తులు, కర్పూరం. నైవేద్యానికి బెల్లం ముక్క లేదా పరమాన్నం. పలక ఒకటి, బలపాల పెట్టె ఒకటి. పంచడానికి ఇంకో ఐదు పలకలుంటే బాగుంటుంది. కొత్త బట్టలు తెలుపో పసుపో అయితే సరే, అవే ఉండాలని లేదు.

పళ్లెం వెడల్పుగా, పద్నాలుగు అంగుళాలది తీసుకోండి. కిలోంబావు బియ్యం అందులో వేలి మందాన పరుచుకుంటాయి. చిన్న పళ్లెంలో కుప్పగా పోస్తే గీసిన గాడి వెంటనే పూడిపోతుంది, అక్షరం నిలవదు. మరీ పలచగా పోస్తే వేలు పళ్లేనికి గీరుకుని పిల్లలు చేయి లాగేసుకుంటారు. సన్నబియ్యం లావు బియ్యం కన్నా గీతను బాగా నిలుపుతాయి. తడిపిన బియ్యం వద్దు, వేలికి అంటుకుంటాయి.

తండ్రి తూర్పు ముఖంగా, బిడ్డ ఒళ్లో, తల్లి ఆయన కుడిపక్కన కూర్చోవాలి. ఆచమనం, సంకల్పం. సంకల్పంలో బిడ్డ పేరు, నక్షత్రం చెప్పుకోవాలి. తమలపాకులో పసుపు గణపతిని నిలిపి పూజ. తర్వాత లక్ష్మీనారాయణులకు, సరస్వతికి పూజ. పలకను, బలపాన్ని దేవి ముందు పెట్టి వాటికీ గంధం, అక్షతలు. ‘సరస్వతి నమస్తుభ్యం’ శ్లోకం బిడ్డ చేత ముక్కలు ముక్కలుగా పలికించండి. మొత్తం రాకపోతే ‘సరస్వతీ’ అన్నా చాలు.

ఇక అసలు ఘట్టం. బిడ్డ కుడిచేతిని మీ చేతిలోకి తీసుకుని, చూపుడువేలితో గాని, ఆ గుప్పిట్లో పెట్టిన పసుపుకొమ్ముతో గాని బియ్యంలో రాయించాలి. ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ లాంటి మంత్రమంతా పళ్లెంలో ఒక్కసారి పట్టదు. ఒక మాట రాయించడం, పైకి చదవడం, అరచేత్తో బియ్యం చదును చేయడం, మళ్లీ తర్వాతి మాట. ఇలా మూడుసార్లు. ఆపైన అదే మంత్రం పలక మీద మీరు పెద్దగా రాసి, దానిపైన బిడ్డ చేత మూడుసార్లు దిద్దించండి. తర్వాత హారతి, పెద్దల ఆశీర్వాదం, తోటి పిల్లలకు పలకా బలపాలు.

పూజ పొడుగై ఈ ఘట్టం వచ్చేసరికి బిడ్డ నిద్రకు తూగడం ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు. గణపతి పూజ అరగంట ముందే కానిచ్చి, ముహూర్తానికి సరిగ్గా చేయి బియ్యంలో ఉండేలా చూసుకోండి. ఉపవాసం పెద్దవాళ్లకే. బిడ్డకు కడుపునిండా పెట్టి కూర్చోబెట్టండి.

ఏం రాయించాలి? మా పుట్టింట్లో ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’, అత్తింట్లో ‘ఓం నమో నారాయణాయ’. (కాకినాడ)

అత్తింటి ఆచారం ప్రకారం చేయించండి. వైష్ణవ సంప్రదాయం వాళ్లు అష్టాక్షరి రాయించడం ఉన్నదే. కొందరు ‘శ్రీ గణేశాయ నమః’ ముందు రాయిస్తారు, అదీ మంచిదే.

మీ పుట్టింటి వాక్యంలోంచే మనకు ‘ఓనమాలు’ అన్న మాట వచ్చింది. ‘సిద్ధం’ అన్నది అక్షరమాలకు ముందు రాసే మంగళ వచనంగా దేశంలో ఎంతో పాతది. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి పిల్లలు ఆరో ఏట మొదలుపెట్టే తొలి వాచకాన్ని సిద్ధం అంటారని, అందులో 49 అక్షరాలుంటాయని, ఆరు నెలల్లో పూర్తి చేస్తారని రాశాడు. జైనుల ‘ఓం నమః సిద్ధేభ్యః’ ఛాయ మన వాక్యంలో ఉందని పరిశోధకులు అంటారు. శివుడి పేరు, సిద్ధం ఒకే పలక మీదికి వచ్చి కూర్చున్నాయన్నమాట.

రాసేటప్పుడు ఒక్క తప్పు మాత్రం చేయకండి. ‘శివాయః’ అని విసర్గ పెట్టి రాసిన పలకలు ఫొటోల్లో కోకొల్లలు. శివుడికి అనే చతుర్థీ విభక్తి ‘శివాయ’, అక్కడ విసర్గ లేదు. విసర్గ ఉన్నది ‘నమః’కే. ‘సిద్ధం’లో ధ వత్తు కూడా చూసుకోండి, ‘సిద్దం’ కాదు. బిడ్డ దిద్దే మొదటి అక్షరమే తప్పు కావడం ఎందుకు? ముందు రోజే కాగితం మీద రాసి పెట్టుకుంటే ఆ హడావుడిలో తడబడరు.

మా బాబు అన్నీ ఎడమచేత్తోనే చేస్తాడు. పుల్ల పట్టినా ఎడమే. కుడిచేత్తో రాయించాలా? (హనుమకొండ)

తంతు వరకు కుడిచేయి. మీ చేయి పట్టి నడిపిస్తుంది కాబట్టి వాడికి కష్టమేమీ ఉండదు. ఆ మూడు వరుసలూ అయిపోయాక, మర్నాటి నుంచి ఏ చేత్తో రాస్తే ఆ చేత్తో రాయనివ్వండి. మెదడు ఎంచుకున్న చేతిని బలవంతంగా మారిస్తే రాత అంటేనే విసుగు పుడుతుంది. ‘సరస్వతి ఎడమచేతికి రాదు’ అనే పెద్దలుంటే, అమ్మవారి నాలుగు చేతుల్లో రెండు ఎడమవేనని చెప్పండి.

దిద్దేటప్పుడు పలకను కొంచెం కుడివైపుకు వాల్చి పెట్టండి. ఎడమచేతివాటం పిల్లలు రాస్తూ పోతే చేయి అక్షరాల మీదుగా వెళ్లి చెరిపేస్తుంది. వాల్చితే ఆ బాధ తగ్గుతుంది.

కొత్త పలక మీద బలపం జారిపోయింది, ఒక్క గీతా పడలేదు. అపశకునమా? (ఒంగోలు)

కాదు. పలకలకు పేరుపడ్డ మార్కాపురం వైపు ఉంటూ మీరే అడిగారు! కొత్త పలకకు నున్నటి పూత ఉంటుంది. రెండు రోజుల ముందే తడిగుడ్డతో రుద్ది, బొగ్గుపొడి పట్టించి, కడిగి ఆరబెట్టాలి. పల్లెల్లో దొండాకు పసరు కలిపి రుద్దేవారు. శుభమని పలకంతా పసుపు పూస్తారు చూడండి, జారడానికి ఎక్కువసార్లు అదే కారణం. తడి పసుపు ఆరితే పొర కడుతుంది, దాని మీద ఏ బలపమూ పట్టదు. పసుపు కుంకుమలు చెక్క చట్రం మీద నాలుగు మూలలా పెడితే చాలు.

బలపాన్ని సగానికి విరిచి ఇవ్వండి. పొడుగుది పిల్లల గుప్పిట్లో పుటుక్కుమంటుంది, దాన్నీ శకునమంటారు. బలపం నోట్లో పెట్టుకుంటే తీసేయండి. పదే పదే తింటుంటే మాత్రం అది అలవాటని వదలక డాక్టరుకు చూపించండి. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఇలా జరుగుతుంది.

బాసరకు వసంత పంచమి నాడే వెళ్లాలని మొక్కుకున్నాం. చంటిదానితో ఇబ్బంది అవుతుందా? (సికింద్రాబాద్)

అవుతుంది. బాసర జ్ఞాన సరస్వతి ఆలయంలో అక్షరాభ్యాసాలు ఏడాది పొడుగునా జరుగుతాయి. వసంత పంచమికి, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రానికి మాత్రం జనం విరగబడతారు. మండపంలో వరుసలుగా కూర్చోబెట్టి అర్చకులు మైకులో చెబుతుంటే అందరూ ఒకేసారి చేస్తారు. మీ బిడ్డ దగ్గరికి వచ్చి ప్రత్యేకంగా చెప్పే వీలుండదు. కాబట్టి ఏం రాయించాలో మీకు ముందే వచ్చి ఉండాలి.

ఆ రోజే అని మొక్కుంటే ముందు రాత్రికే చేరుకోండి. నిజామాబాద్–నాందేడ్ మార్గంలో బాసర స్టేషన్ ఉంది. పొద్దున బయలుదేరి వెళ్లి వరుసలో నిలబడితే ముహూర్తం వరుసలోనే దాటిపోతుంది. అమ్మవారి పసుపు ప్రసాదంగా ఇస్తారు, బిడ్డ నాలుకకు కాస్త రాసి మిగతాది ఇంటికి తెచ్చుకోవచ్చు. మొక్కు లేనివాళ్లకు సిద్దిపేట జిల్లా వర్గల్ విద్యా సరస్వతి ఆలయం హైదరాబాద్‌కు దగ్గర. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద మూలా నక్షత్రం రోజున దుర్గమ్మ సరస్వతి అలంకారంలో ఉంటుంది. చూడాల్సిన అలంకారమే, కానీ మూడేళ్ల బిడ్డను భుజాన వేసుకుని వెళ్లాల్సిన రోజు కాదు.

బెంగళూరులో మా పక్కింటి మలయాళీలు పిల్లవాడి నాలుక మీద బంగారు ఉంగరంతో రాయించారు. మనమూ చేయవచ్చా?

అది కేరళ విద్యారంభం పద్ధతి. దుర్గాష్టమి నాడు పుస్తకాలు పూజకు పెట్టి, విజయదశమి పొద్దున తీసి, బియ్యంలో ‘హరిః శ్రీ గణపతయే నమః’ రాయిస్తారు. మనకూ మూలా నక్షత్రం నాడు పుస్తకాలు పూజలో పెట్టి దశమి దాకా చదవకుండా ఉండే ఆచారం ఉంది కనుక చుట్టరికం దగ్గరిదే. ముచ్చటపడితే చేసుకోండి. ఉంగరాన్ని సబ్బుతో కడిగి, మరిగించిన నీళ్లలో ముంచి తీయండి. రాళ్లు పొదిగినది వద్దు. తేనె అద్దేటట్టయితే ఏడాది నిండని పసిబిడ్డలకు అసలు పెట్టకూడదు, పక్కన చూస్తున్న చెల్లాయికి కూడా.

మా వారు లేరు. బాబుకు నేనే దిద్దించవచ్చా? మా అన్నయ్య చేయాలంటున్నారు. (ఏలూరు)

మీరే దిద్దించండమ్మా. పాత పద్ధతిలో చేయి పట్టింది తండ్రి కాదు, గురువు. అంటే ఇక్కడ చూసేది అక్షరం వచ్చినవారా కాదా అని. సంకల్పం మీ అన్నయ్య చేత చెప్పించి, ఒళ్లో కూర్చోబెట్టుకుని చేయి పట్టి రాయించే పని మీరు చేస్తే పెద్దల మాటా నిలుస్తుంది, మీ కోరికా తీరుతుంది. తాతగారైనా, మేనమామైనా, బడి పంతులమ్మైనా అభ్యంతరం లేదు. ఇంట్లో పురుడో మైలో ఉంటే మాత్రం అది తీరేదాకా వాయిదా వేసుకోండి.

బిడ్డ ఏడ్చి పలక విసిరేసింది. ఒక్కసారే రాయించగలిగాం. మళ్లీ చేయాలా? బియ్యం ఏం చేయాలి? (శ్రీకాకుళం)

మళ్లీ అక్కర్లేదు, ఒక్కసారి రాసినా అయినట్టే. మిగతా రెండుసార్లు సాయంత్రం నిద్ర లేచాక ఆటలా రాయించండి. పలక పగిలితే కొత్తది కొనండి, అంతే. ముక్కలు బిడ్డకు అందకుండా తీసేయండి, అంచులు కోసుకుంటాయి.

పళ్లెంలో బియ్యాన్ని పురోహితులకు ఇవ్వడం వాడుక. ఇంట్లోనే చేసుకున్నవాళ్లు ఆ రోజే పరమాన్నం వండి పిల్లలకు పెట్టవచ్చు. పసుపు, కుంకుమ, కర్పూరం మసి పడి ఉంటాయి కాబట్టి రెండు నీళ్లు ఎక్కువ కడగండి. పలక మీది అక్షరాలు ఆ రోజుకు చెరపకుండా దేవుడి దగ్గర ఉంచి, మర్నాడు తడిగుడ్డతో తుడిచి మళ్లీ బిడ్డకు ఇవ్వండి. పదినిమిషాలకు మించి కూర్చోబెట్టకండి.